గిడ్డంగి ర్యాకు ఇంటి గరాజుకు పనికొస్తుందా?

కాస్ట్‌కోలో బియ్యం బస్తాల దగ్గర నిలబడి ఒక్కసారి తలెత్తి చూడండి. పొడవునా రంధ్రాలున్న నిలువు స్తంభాలు, వాటికి కొక్కేలతో తగిలించిన అడ్డ దూలాలు, ఆ దూలాల మీద చెక్క పాలెట్లు, పాలెట్ల మీద టన్నుల సరుకు కనిపిస్తాయి. హోమ్ డిపోలోనూ ఇదే చట్రం. దీన్నే పాలెట్ ర్యాకు అంటారు. అమెరికాలో గోడౌన్ ఖాళీ అయినా, పెద్ద దుకాణం మూతపడినా సరుకు అయిపోయాక ఇవి కూడా అమ్మకానికి వస్తాయి. 2018లో టాయ్స్ ఆర్ అస్, 2023లో బెడ్ బాత్ అండ్ బియాండ్ మూతపడినప్పుడు చివరి వారాల్లో అక్కడికి వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరలకు కూడా ధర చీటీలు అంటించారు.

ఇలాంటి పాత ర్యాకులు కొని ఇంటి గరాజులో పనిబల్లగానో, సామాను అరలుగానో బిగించుకోవడం అక్కడ చాలాకాలంగా ఉన్న పద్ధతి. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లు కూడా ఈ సంగతి తరచూ అడుగుతున్నారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "ఎంత బరువు మోస్తుందండీ?"

ఆ ప్రశ్న చిట్టచివర అడగాల్సింది. బరువు దగ్గర ఈ ర్యాకుతో పేచీ రాదు. పేచీ వచ్చేవి మూడు చోట్ల: దాని లోతు, దాని ఊగుడు, అది మన ఇంటికి రాకముందు గడిపిన బతుకు. ఈ మూడూ తేల్చుకోకుండా చవగ్గా వస్తోందని తెచ్చుకున్నవాళ్లు రెండేళ్లలో తిరిగి అమ్ముకోవడం నేను చూశాను.

అయినా బరువు సంగతి ముందే చెప్పేస్తాను. 8 అడుగుల పొడవు, 4 అంగుళాల ఎత్తు ఉన్న దూలాల జతకు తయారీదారులు ఇచ్చే సామర్థ్యం చాలా రకాల్లో 4,000 పౌండ్లకు పైనే ఉంటుంది. మన ఇళ్లలో గరాజుకెక్కేవి ఏమిటి? అమ్మానాన్నలు వచ్చి వెళ్లగా మిగిలిన పెట్టెలు, బియ్యం బస్తాలు, వినాయక చవితి మండపం సామాను, బతుకమ్మ పళ్లేలు, పిల్లలు వదిలేసిన సైకిళ్లు. 50 పౌండ్ల పెట్టెలు 20 పెట్టినా 1,000 పౌండ్లే. కాబట్టి ఇంటివాడికి దూలం విరుగుతుందన్న భయం అక్కర్లేదు. కాస్త వంగడం మాత్రం సహజం. నిండు బరువులో దూలం తన పొడవులో 180వ వంతు దాకా వంగవచ్చని అమెరికా ర్యాకు తయారీదారుల ప్రమాణం ఒప్పుకుంటుంది. 96 అంగుళాల దూలానికి అది అర అంగుళం పైచిలుకు. ఇక్కడ ఒక లెక్క మాత్రం గుర్తుంచుకోవాలి. అంతే బరువును అలాంటి దూలమే 8 అడుగుల బదులు 12 అడుగుల పొడవున మోస్తే వంపు మూడు రెట్లు దాటుతుంది. పొడుగు దూలం చవగ్గా వచ్చిందని పనిబల్లకు వాడకండి.

రంధ్రాల ఇనుముతో చట్రాలు కట్టడం మనకు కొత్త కాదు. మన కిరాణా కొట్టులో, మందుల షాపులో, ఆఫీసు రికార్డు గదిలో నిలబడే స్లాటెడ్ యాంగిల్ ర్యాకు ఈ పాలెట్ ర్యాకుకు అన్నగారి వరస. దాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది డిమిట్రియస్ కొమినో. ఆస్ట్రేలియాలో పుట్టిన గ్రీకు సంతతి ఇంజినీరు, లండన్‌లో ముద్రణాలయం నడిపిన మనిషి. 1947లో డెక్సియన్ పేరుతో ఆ రంధ్రాల యాంగిల్‌ను అమ్మకానికి తెచ్చాడు. దాంట్లో ప్రతి కూడలికీ నట్టూ బోల్టూ బిగించాలి. ఎక్కువగా కనిపించే పాలెట్ ర్యాకులో నట్లు ఉండవు. స్తంభానికి కన్నీటి బొట్టు ఆకారంలో రంధ్రాలుంటాయి, పైన వెడల్పు, కింద సన్నం. దూలం చివరనున్న గుబ్బలు పైభాగంలో దూరి, కిందికి జారి ఇరుక్కుంటాయి. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పని అయిపోతుంది. ఇప్పుడు అమెరికాలో ఎక్కువగా చేతులు మారేది ఈ బొట్టు రంధ్రాల రకమే. రంధ్రాలు 2 అంగుళాలకొకటి ఉంటాయి గనుక పలకను 2 అంగుళాల చొప్పున పైకీ కిందికీ మార్చుకోవచ్చు. చెక్కబల్లకు లేని సుగుణం ఇది. ఐదడుగుల మనిషికీ ఆరడుగుల మనిషికీ ఒకే ఎత్తు బల్ల కుదరదు. చిత్రిక పట్టడానికి బల్ల కాస్త కిందుగా ఉండాలి, సన్నని రిపేరు పనికి పైకుండాలి. ఏ ఎత్తు నప్పుతుందో మీ నడుమే చెబుతుంది, దాన్నిబట్టి దూలం ఎత్తి మరో రంధ్రంలో వేసుకోవచ్చు.

ఇక అసలు పేచీలు. మొదటిది లోతు.

అమెరికా పాలెట్ 48 అంగుళాల పొడవు, 40 అంగుళాల వెడల్పు. దాన్ని మోయడానికి పుట్టిన చట్రం లోతు 42 అంగుళాలు. ముందూ వెనకా మూడేసి అంగుళాలు పాలెట్ బయటికి వస్తుంది. పాత సరుకులో దొరికేవి ఎక్కువగా ఈ 42 అంగుళాలవే. ఇప్పుడు గరాజు కొలవండి. రెండు కార్ల గరాజు చాలా ఇళ్లలో 20 అడుగుల లోతు. మనవాళ్ల ఇళ్లలో తరచూ కనిపించే టొయోటా సియెన్నా పొడవు దాదాపు 17 అడుగులు. మిగిలింది 3 అడుగులు. ర్యాకుకు కావలసింది మూడున్నర. లెక్క ఇక్కడే తెగిపోతుంది! కారు ముక్కు తగలకుండా గరాజు తలుపు మూసుకోదు.

చోటు ఉన్నా, పనిబల్లగా 42 అంగుళాలు ఎక్కువ. నిలబడి చెయ్యి చాస్తే హాయిగా అందేది రెండడుగుల పైచిలుకు మాత్రమే. ఆ వెనక పెట్టిన సామాను కనిపిస్తుంది గానీ అందదు. కొన్నాళ్లకు కనిపించడం కూడా మానేస్తుంది, ముందు మరో సామాను చేరుతుంది కాబట్టి. అరల విషయంలోనూ ఇదే. లోతెక్కువ అర అంటే వెనక వరస మరిచిపోయిన సామాను అన్నమాట.

దీనికి జనం మూడు విరుగుళ్లు వాడుతున్నారు. 24 అంగుళాల లోతున్న చట్రాల కోసం వెతకడం మొదటిది. చేత్తో సర్దే సరుకు కోసం ఇవి తయారవుతాయి, పాత బజారులో అరుదు, కానీ నెలా రెండు నెలలు ఆగితే దొరుకుతాయి. నా ఓటు దీనికే. రెండోది, మొదటి దూలాన్ని కారు ముక్కుకు పైన వేసి, కారును ర్యాకు కిందికి దూర్చడం. చోటు కలిసొస్తుంది. కానీ కింద దూలం లేని స్తంభం పొడుగైన కొద్దీ దాని మోసే శక్తి వేగంగా పడిపోతుంది, పైగా బరువంతా ఎత్తున చేరుతుంది. తేలిక సామానుకే ఈ ఏర్పాటు. చక్రాలకు నేలమీద అడ్డుదిమ్మ తప్పనిసరి. మూడోది కూడా నాకు నచ్చినదే, ఒక కారు చోటు పూర్తిగా ఖాళీగా ఉన్నవాళ్లకు పనికొస్తుంది: 42 అంగుళాల బల్లను గోడకు చేర్చకుండా మధ్యలో నిలబెట్టడం. రెండు వైపుల నుంచీ అందుతుంది, తండ్రి ఒక పక్క, కూతురు మరో పక్క నిలబడి పని చేసుకోవచ్చు. గోడకు చేర్చితే దోషమైన లోతు అక్కడ గుణమవుతుంది.

రెండో పేచీ ఊగుడు. దీని గురించి చాలామంది బల్ల బిగించాకే తెలుసుకుంటారు.

నిలువు చట్రాన్ని పక్క నుంచి చూడండి. ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య ఏటవాలు కడ్డీలు వెల్డింగ్ చేసి ఉంటాయి. అందువల్ల ముందుకూ వెనక్కూ కదలదు. ఎదురుగా నిలబడి చూడండి. పొడవు వైపు ఒక్క ఏటవాలు కడ్డీ కూడా ఉండదు, ఉంటే ఫోర్క్‌లిఫ్ట్ పాలెట్‌ను లోపలికి తోయలేదు. ఆ వైపు నిలకడంతా దూలం చివరి కొక్కేల పట్టు మీదే ఆధారపడుతుంది. ఆ కొక్కెం ఎలా పట్టుకుంటుందో పైన చెప్పాను: బరువు పడేకొద్దీ గుబ్బ సన్నని భాగంలోకి దిగి బిగుసుకుంటుంది. టన్నుల సరుకు కింద రాయిలా నిలబడే ర్యాకు, నాలుగు పనిముట్లు పెట్టిన ఇంటి బల్లగా మారేసరికి వదులుగా ఊగడానికి కారణం ఇదే. మోయలేక కాదు, మోయడానికి తగినంత లేక. రెండు చట్రాలు, ఒకే వరస దూలాలు, పైన ప్లైవుడ్ వేసి వైస్ బిగించి రంపం లాగితే బల్ల రంపంతో పాటు కదులుతుంది.

సరిచేయడం కష్టమేమీ కాదు. నేలకు అరడుగు ఎత్తున మరో జత దూలాలు వేయాలి. ఆ కింది అరలో బరువైనవన్నీ, నీళ్ల కేసులు, పెయింటు డబ్బాలు, పాత డంబెల్స్, పెట్టాలి. వెనక వైపు నిండుగా ఒక ప్లైవుడ్ పలకను స్తంభాలకు మరలతో బిగిస్తే సగం ఊగుడు అక్కడే ఆగిపోతుంది. మిగిలింది గోడ చూసుకుంటుంది. ఇంటి గోడలోని చెక్క నిలువులు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి, బల్లను వాటికి బోల్టు చేయవచ్చు. ర్యాకులను భవనానికి కట్టవద్దని గిడ్డంగి ఇంజినీర్లు అంటారు. భూకంపంలో టన్నుల సరుకు ఊగి గోడను లాగేస్తుందన్నది వాళ్ల భయం, అది న్యాయమైనదే. నడుమెత్తు బల్లకు ఆ నియమం వర్తింపజేయనక్కర్లేదని నా అభిప్రాయం. తలకు మించిన ఎత్తున బరువులు పెట్టే ర్యాకుకు మాత్రం గోడ చాలదు, నేలలో బోల్టు దిగాల్సిందే.

నేల అన్నాక టెక్సస్ వాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి చాలా ఇళ్ల పునాది స్లాబు మామూలు కాంక్రీటు కాదు, లోపల ఉక్కు తీగలు లాగి బిగించిన స్లాబు. ఒక్కో తీగ మీద 33,000 పౌండ్ల దాకా లాగుడు ఉంటుంది. గరాజు నేలమీద ఒక మూల, కోయవద్దు, తొలవవద్దు అన్న ముద్ర కనిపిస్తే అది అలంకారం కాదు. డ్రిల్లు ఆ తీగకు తగిలితే కాంక్రీటు పగిలి పైకి లేవవచ్చు, మనిషికి గాయం కావచ్చు, పునాది చెడవచ్చు. తీగలు ఎక్కడున్నాయో పరికరంతో చూసి గుర్తు పెట్టేవాళ్లను పిలవండి, లేదా ఎత్తు ర్యాకు ఆలోచన మానుకోండి. కాలిఫోర్నియా వాళ్లకు చిక్కు మరోటి: భూకంపాల నేల కాబట్టి నేలకు బిగించని ఎత్తు ర్యాకు అక్కడ పెట్టనే కూడదు. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉన్న బావగారు చెప్పిన పద్ధతి టెక్సస్ ఫ్రిస్కోలో పనికిరాదు.

గరాజు నేల వాలు కూడా ఉంటుంది. నీళ్లు తలుపు వైపు పారాలని కావాలనే అలా పోస్తారు. అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు వాలున్నా, పక్క గోడ వెంబడి 8 అడుగుల ర్యాకు ఆ చివరకు వచ్చేసరికి అంగుళం తేడా వస్తుంది. రంధ్రాలు 2 అంగుళాలకొకటి కాబట్టి దూలం మార్చి దీన్ని సరిచేయలేరు. పాదం కింద ఉక్కు బిళ్లలు పేర్చాలి. చెక్కముక్కలు పెడితే కొన్నాళ్లకు నలిగిపోతాయి.

మూడో పేచీ, గతం. పాత ఇనుము కొంటున్నాం కాబట్టి మిగతా రెండింటికన్నా ఇదే పెద్దది.

2016 మే నెలలో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఒక గిడ్డంగిలో జున్ను నింపిన ర్యాకులు వరసగా కూలిపోయాయి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి వాటి కింద ఎనిమిది గంటలకు పైగా చిక్కుకుని ప్రాణాలతో బయటపడ్డాడు. ఇంటి గరాజులో అంత బరువు ఉండదు, నిజమే. కానీ ర్యాకు స్వభావం అది: దూలం చెడితే ముందుగా వంగి చెబుతుంది, స్తంభం చెప్పకుండా కూలుతుంది.

స్తంభం చెడేది ఎక్కడ? ఫోర్క్‌లిఫ్ట్ తగిలే చోట, అంటే ముందు వరస స్తంభాల కింది భాగంలో. కాబట్టి కొనేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. యూరప్ ప్రమాణం ఒకటి ఈ పనికి చక్కగా ఉపయోగపడుతుంది. ఒక మీటరు పొడవున్న తిన్నని బద్దను స్తంభానికి ఆనించాలి. దూలాల పొడవు వైపు వంపు 5 మిల్లీమీటర్లు, ముందు వెనకల వైపు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఏటవాలు కడ్డీల్లో 10 మిల్లీమీటర్ల దాకా సరే. అంతకు మించితే బేరం కూడా ఆడకండి. పగుళ్లు, చిరిగిన రంధ్రాలు, ఎవరో పైపైన వేసిన వెల్డింగ్ అతుకులు కనిపించినా అంతే. రెండు కంపెనీల దూలాలూ స్తంభాలూ కలిపి అమ్మేవాళ్లుంటారు. రంధ్రం ఆకారం ఒకేలా కనిపించినా పట్టు ఒకేలా ఉండకపోవచ్చు, ప్రతి జతనూ అక్కడే తగిలించి చూడండి. ఒకసారి నేను ఆ పని చేయకుండా సరుకు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక ఎనిమిదింట్లో మూడు దూలాలు సగం వరకే దిగాయి.

పనిబల్ల చేసుకునేవాళ్లకు ఇక్కడే ఒక అవకాశం ఉంది. గిడ్డంగి చట్రాలు 12, 16 అడుగుల ఎత్తున వస్తాయి, ఎలాగూ కోయాలి. దెబ్బలన్నీ కింది భాగానికే కాబట్టి, పై భాగం దాదాపు కొత్తదే. కింది ముక్కను గుజిరీకి వేసి పై ముక్కను బల్ల కాళ్లుగా వాడుకోవచ్చు. ర్యాకుగా పనికిరాదని పక్కన పడేసిన చట్రంలో మంచి బల్ల దాగి ఉంటుంది. అయితే కోసేచోట ఆలోచన ఉండాలి. కోత ఏటవాలు కడ్డీ మధ్యలో పడకూడదు, ఇరువైపులా అడ్డ కడ్డీ మిగలాలి. కోసిన స్తంభానికి పాదం ఉండదు, ఉక్కు పలక వెల్డింగ్ చేయించాలి. లేకపోతే పలుచని అంచు కాంక్రీటును కొరుక్కుంటూ పోతుంది. కోసిన రోజుతో తయారీదారు ఇచ్చిన సామర్థ్యపు అంకె చెల్లదు. బల్లకు ఆ అంకె అవసరం కూడా లేదు.

కోసే ముందు రంగు చూడండి. అమెరికా 1978లో ఇళ్లలో వాడే రంగుల్లో సీసాన్ని నిషేధించింది, ఫ్యాక్టరీ సామాను రంగులకు ఆ నిషేధం అంటలేదు. పసుపు, నారింజ రంగులకు సీసం కలిసిన వర్ణకాలు బాగా వాడేవారు. పాత ర్యాకు దూలాలు చాలావరకు నారింజ రంగువే! అందుకే గ్రైండర్ పెట్టేముందు, ఉప్పుకాగితం రుద్దేముందు హార్డ్‌వేర్ షాపులో దొరికే సీసం పరీక్ష చేయండి. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి వెళ్తే మెదడు ఎదుగుదలకే ముప్పు. సీసం తేలితే ఆ ఇనుమును ఇంటికి తేవద్దు. వెండిలా మెరిసే గాల్వనైజ్డ్ చట్రమైతే ముప్పు వెల్డింగ్‌లో ఉంది. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. కాబట్టి కాలే చోట ఆ పూత తీయించి, ఆరుబయట పని చేయించాలి.

బల్ల పైభాగానికి వచ్చేసరికి ఈ ర్యాకు చేతిపని తెలిసినవాళ్లను సంతోషపెడుతుంది. దూలం లోపలి అంచున ఒక మెట్టు ఉంటుంది, లోతు 1 5/8 అంగుళాలు. అమెరికాలో రెండు బై నాలుగు అని అమ్మే చెక్క నిజానికి అంగుళంన్నర మందం. ఆ చెక్కలు పక్కపక్కనే పేర్చి, పైన 1/8 అంగుళం హార్డ్‌బోర్డు వేస్తే దూలం అంచుతో సమంగా కూర్చుంటుంది. హార్డ్‌బోర్డు పాడైతే దాన్నొక్కటే మార్చుకోవచ్చు. ర్యాకుతో వచ్చే ఇనుప జాలీని అరలకు ఉంచుకోండి, పైన ప్లైవుడ్ వేయకపోతే చిన్న సామాను సందుల్లోంచి రాలిపోతుంది. రంపపు పొడిని అతికించి చేసిన బోర్డులు వద్దు, తేమకు ఉబ్బి మధ్యలో దిగిపోతాయి.

దూలం తప్పుకోకుండా ఆపే చిన్న పిన్నును చాలామంది వదిలేస్తారు. కొక్కెం కిందికి బిగుసుకునే పద్ధతిదే గానీ, కింది నుంచి ఎత్తితే ఊడుతుంది. అందుకే కింది నుంచి 1,000 పౌండ్ల తోపు వచ్చినా దూలం ఊడకూడదని గిడ్డంగి ప్రమాణం చెబుతుంది, ఆ పని చేసేది ఈ పిన్నే. మా ఇంట్లో ఫోర్క్‌లిఫ్ట్ లేదు కదా అంటారు. బటన్ నొక్కితే తనంతట తాను లేచే వెనక తలుపున్న కారు ఉంది. కారును పైకి ఎత్తే జాకీ ఉంది. దూలం పట్టుకుని వేలాడే పిల్లలున్నారు. పాత సరుకుతో పిన్నులు రాకపోతే కొత్తవి కొనండి, చాలా చవక.

పాత ర్యాకు కొంటే చెత్తకుప్పకు పోయే ఇనుమును కాపాడినట్టే అని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. అది సగం నిజం. ఇనుము చెత్తకుప్పకు పోదు, కొలిమికి పోతుంది. అమెరికా ఉక్కులో దాదాపు 70 శాతం విద్యుత్ కొలుముల్లో, ఎక్కువగా పాత ఇనుము కరిగించే తయారవుతోంది. మనం ఆదా చేసేది ఆ కరిగించే శక్తిని, మళ్లీ సాగదీసే శక్తిని. తక్కువదేమీ కాదు, ఉన్నంత చెప్పుకుంటే చాలు.

మరి ఎవరికి ఇది తగినది? ఏడాదికి రెండుసార్లు తెరిచే పెట్టెలు సర్దుకోవడమే అవసరమైతే, పెద్ద దుకాణాల్లో దొరికే 24 అంగుళాల కొత్త ఇనుప అరలు చాలు. అవి కారు డిక్కీలో ఇంటికొస్తాయి, పాత ర్యాకుకు ట్రక్కు కావాలి, మరో మనిషి సాయం కావాలి. చేత్తో చిత్రిక పట్టే వడ్రంగం ఇష్టమైతే చెక్కబల్లే చేసుకోండి, బరువైన చెక్క ఇచ్చే నిలకడ ఈ చట్రం ఇవ్వదు. ఇంజన్లు విప్పేవాళ్లకు, వెల్డింగ్ చేసేవాళ్లకు, గ్రైండరూ డ్రిల్ ప్రెస్సూ పెట్టుకునేవాళ్లకు, బల్ల ఎత్తు మార్చుకుంటూ ఉండాల్సినవాళ్లకు మాత్రం ఇంతకన్నా మంచి బేరం లేదు. సరైన లోతున్న చట్రం, కింద ఒక దూలం, వెనక ఒక పలక ఉంటే మీ తర్వాత మీ పిల్లలు కూడా దానిమీద పని చేసుకుంటారు.

కొనడానికి వెళ్లేముందు రాత్రి కారును గరాజులో పెట్టి, తలుపు మూసి, కారు ముక్కు నుంచి గోడదాకా టేపుతో కొలవండి. ఆ అంకె 42 అంగుళాల లోపు ఉంటే 42 అంగుళాల చట్రం ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకండి.